చీటీ లేని దుప్పటి

దుప్పటిని కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకుని చూశాడు. వెలుతురు నడిమి భాగంలోంచి దూరి వచ్చి అతని చొక్కా మీద పడింది. మనిషి పడుకునే చోటే ముందు అరుగుతుంది. భుజాలు ఆనే చోట, నడుము ఆనే చోట, మడమలు రాసుకునే చోట నూలు పలచబడి జల్లెడలా అయింది. అంచులు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. అంచుల మీద ఎవరు పడుకుంటారు?

కొసన కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని నిలువునా చర్రున చింపాడు. రెండు ముక్కల్నీ తారుమారు చేసి, బయటి అంచుల్ని నడిమికి తెచ్చి కలిపి కుడితే అరిగిన భాగం పక్కలకి పోతుంది. దుప్పటి ఇంకో రెండేళ్ళు పనికొస్తుంది. ఆ తర్వాత దిండు గలీబు, ఆ తర్వాత పసిపిల్లల కింద గుడ్డ, చివరికి నేల తుడిచే పేలిక. పాస్టరుగారు ఒకసారి ఈ సంగతి విని, ఆదివారం ప్రసంగంలో బాగా పనికొస్తుందని సంబరపడ్డాడు. "వద్దండి, దుప్పటి దుప్పటే" అన్నాడు ఇతను. పాస్టరుగారి మొహం మాడిపోయింది.

ఆసుపత్రి కుట్టుగదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. హాజరు పుస్తకంలో ఒక పేరు ఉంది గానీ దానితో ఎవరికీ అవసరం పడలేదు. అందరికీ టైలర్ బాబాయే. పొట్టి మనిషి. కత్తెర పట్టీ పట్టీ కుడి బొటనవేలి మొదట్లో గుంట పడింది. దుప్పట్ల కట్టలు మోసిన ఎడమ భుజం ఓ అంగుళం కిందికి దిగింది. పొద్దున మిషను ముందు కూర్చోగానే బల్ల మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకుంటాడు. ఒకప్పుడు అందులో ప్రార్థన ఉండేది. నాలుగేళ్ళుగా చెయ్యి ఒక్కటే ఉంది.

"తొమ్మిదో రోజు" అంది గుండీలావిడ.

ఆ గదిలో ఉండేది వాళ్ళిద్దరే. రోగుల గౌన్లకి గుండీలూ నాడాలూ కుట్టడం ఆవిడ పని. సూదిలో దారం ఎక్కించేటప్పుడు తప్ప ఆవిడ నోరు మూతపడదు.

అతను పెడలు తొక్కాడు.

"నిన్నే బాబాయ్. పైన చీటీదొర చేరి తొమ్మిదో రోజు. ఇంకా ప్రాణం పట్టుకునే ఉన్నాడట. యముడు వచ్చి నిలబడితే చీటీ అడిగి తిప్పి పంపాడేమో."

చీటీదొర అంటే పోయినేడు దాకా స్టోరు చూసిన మనిషి. డాక్టరు సంతకం పెట్టిన చీటీ లేనిదే దూది ఉండ కూడా ఇచ్చేవాడు కాదు. ఇప్పుడు పై అంతస్తులో, మగవాళ్ళ వార్డు చివర, కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. కాలేయం చెడింది. పెళ్ళీ పిల్లలూ లేరు. ఒక మేనల్లుడున్నాడు, వాడు ఫోనులోనే ఉంటాడు.

పోయిన ఆదివారం మందిరం మెట్ల దగ్గర పాస్టరుగారు చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఒక్కసారి వెళ్ళి చూసి రండి. క్షమించానని నోటితో అనండి చాలు. మనసు వెనకాలే నడిచి వస్తుంది."

"నా మనసుకి కాళ్ళు లేవండి" అన్నాడు ఇతను.

మందిరానికి వెళ్ళడం మానలేదు. వెనక బల్ల మీద, గోడ వైపు కూర్చుంటాడు. అందరూ కలిసి చెప్పే ప్రార్థనలో ఇతరుల తప్పుల్ని క్షమించే మాట వచ్చినప్పుడు నోరు మూసుకుంటాడు. అది దాటాక మళ్ళీ తెరుస్తాడు. దేవుడి ముందు అబద్ధం ఆడకూడదు కదా.

అబద్ధానికీ దొంగతనానికీ అతను ఎప్పుడూ దూరమే. ఇన్నేళ్ళలో ఆసుపత్రి సూది ఒక్కటి ఇంటికి పోలేదు. చొక్కాకి అంటుకున్న దారప్పోగులు కూడా గుమ్మంలో దులుపుకుని వెళ్ళేవాడు. భార్య చూసి నవ్వేది. "దేవుడికి ఆ పోగులెందుకండీ? పక్కింటావిడ మూడు రోజులుగా లేవలేదు, వెళ్ళి చూశావా అని అడుగుతాడు గానీ." ఆమె మాత్రం వెళ్ళి చూసేది. ఎవరింట్లో జ్వరం వచ్చినా తడిగుడ్డ పట్టుకుని అక్కడ ఉండేది. వాక్యాలు నోటికి రావు, పాట ఎత్తితే శ్రుతి కుదరదు. మందిరంలో ఆమెని ఎవరూ గొప్ప భక్తురాలు అనుకోలేదు. ఇతన్ని అనుకున్నారు.

నాలుగేళ్ళ కిందట ఆమె ఇదే ఆసుపత్రిలో పోయింది. ఒళ్ళంతా చలి, ఒంట్లో రక్తం లేదు. పొద్దున ఎనిమిదింటికి పక్క తడిస్తే దుప్పటి తీసుకుపోయారు. మంచం మీద వట్టి రెక్సిన్ పరుపు మిగిలింది. ఆ రోజు సెలవు. సంతకం పెట్టే డాక్టరు లేడు. ఇతను స్టోరుకి వెళ్ళి, కౌంటరు మీద రెండు చేతులూ పెట్టి అడిగాడు. "చీటీ తెచ్చుకో" అన్నాడు చీటీదొర, తల ఎత్తకుండానే. మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ అదే మాట. ఆమె సాయంత్రం నాలుగు దాకా రెక్సిన్ మీదే వణికింది. ఇతను చొక్కా విప్పి కప్పాడు. "కింద చల్లగా ఉందండీ, కింద ఏదైనా పరవండి" అంది. ఆఖరి మాట అదే. వేల దుప్పట్లు కుట్టిన మనిషి పెళ్ళాం దుప్పటి లేకుండా పోయింది. ఊళ్ళో ఆ మాట వారం రోజులు తిరిగింది. తర్వాత వేరే మాట వచ్చింది.

పదకొండు దాటాక మగవాళ్ళ వార్డు ఆయమ్మ వచ్చింది. మెట్లు దిగిన ఆయాసంతో గుమ్మం పట్టుకుని నిలబడింది. చేతులకి తొడుగులు అలాగే ఉన్నాయి.

"బాబాయ్, ఒక దుప్పటి కావాలి."

"స్టోరులో అడుగు."

"అడిగాను. కొత్త పిల్ల చీటీ తెమ్మంటోంది. డాక్టరుగారు ఆపరేషన్లో ఉన్నారు, రెండు దాకా రారు. నీ దగ్గర కుట్టినవి ఉన్నాయిగా, ఒకటివ్వు. తర్వాత చీటీ రాయిస్తాను."

"ఎవరికి?" అని అతను అడగలేదు. అడిగింది గుండీలావిడ.

"ఎవరికేంటి, ఆయనకే. పొద్దున్నించీ రక్తం కక్కుకుంటున్నాడు. ఉన్న రెండూ పాడయ్యాయి. వట్టి రెక్సిన్ మీద పడుకోబెట్టాను. వణికిపోతున్నాడు."

గదిలో మిషను ఆగింది. గుండీలావిడ చేతిలో సూది కూడా ఆగింది.

"కుట్టినవి స్టోరుకి అప్పజెప్పాకే వార్డుకి పోవాలి" అన్నాడు టైలరు. "చీటీ తెచ్చుకో."

ఆయమ్మ అతని మొహంలోకి చూసింది. కోపం రాలేదు ఆమెకి. "బాగుంది" అంది. "ఆ రోజు నేను డ్యూటీలోనే ఉన్నాను బాబాయ్. మాట అదే, గొంతే మారింది." వెనక్కి తిరిగి మెట్లెక్కి పోయింది.

"సరిగ్గా అన్నావ్" అంది గుండీలావిడ. "నేనైతే నోట్లో పొయ్యడానికి నీళ్ళు కూడా ఇవ్వను. దేవుడు ఇన్నాళ్ళకి ఒక్క మంచి పని చేశాడు, మధ్యలో నువ్వు దూరి చెడగొట్టకు."

అతను కుట్టుకుంటూ పోయాడు. పొడుగు కుట్టు. పై కొస నుంచి కింది కొస దాకా ఆగకుండా లాగాలి. అయ్యాక దారం తెంపి, దులిపి, కిటికీకి అడ్డంగా పట్టుకున్నాడు.

వెలుతురు నడిమి భాగంలోంచి వచ్చి చొక్కా మీద పడింది.

గుండీలావిడ చూసి ముందు నవ్వింది. "ఏంటి బాబాయ్, చింపిన చోటే మళ్ళీ కలిపి కుట్టావా? అరిగింది అరిగినట్టే నడిమిలో ఉందే! ముప్ఫై ఏళ్ళ సర్వీసు మంటగలిసింది." అతను నవ్వలేదు. ఆవిడ కూడా ఆపేసింది. ఆ పని కొత్తగా చేరినవాళ్ళు చేస్తారు, అదీ మొదటి వారంలో.

సూది మొనతో కుట్టు విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పోగూ ఎత్తి, తెంపి, లాగడం. మనిషి పొడుగు కుట్టుకి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ పైన వార్డులో మంచం చక్రం ఏదో కదిలినప్పుడల్లా తల ఎత్తి పైకప్పు చూశాడు. ఏం ఆలోచించాడని అడిగితే చెప్పలేడు. జాలి కలగలేదు. కసి తీరలేదు. పంటి డాక్టరు మత్తు ఇచ్చిన దవడ ఎలా ఉంటుందో లోపలంతా అలా ఉంది. తాకితే తాకినట్టు తెలుస్తుంది, అంతే.

ముక్కలు మార్చి మళ్ళీ కుట్టాడు. నడిమి కుట్టుని గోటితో నొక్కి, ఇస్త్రీ పెట్టెతో రెండుసార్లు చదును చేశాడు. నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని లేచాడు.

"ఎక్కడికి?" అంది గుండీలావిడ.

అతను చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

"నీకు సిగ్గు లేదు బాబాయ్" అంది ఆవిడ. ఆ గొంతులో తిట్టు సగమే ఉంది.

వార్డులో పన్నెండు మంచాలు. చివరి మంచం మీద మనిషి కంటే పొట్ట ముందు కనిపించింది. చేతులూ కాళ్ళూ పుల్లలయ్యాయి. చెంపలు లోపలికి పోయి, గడ్డం ముక్కుకి దగ్గరయింది. ఒంటి మీద గౌను తప్ప ఏమీ లేదు. కింద గోధుమరంగు రెక్సిన్, అక్కడక్కడా పగిలి.

ఆయమ్మ అతని చంకలో దుప్పటి చూసింది. బేసిన్లో గోరువెచ్చని నీళ్ళు తెచ్చింది. ఇద్దరూ కలిసి అతన్ని పక్కకి ఒత్తిగిలబెట్టారు. రెక్సిన్ పగుళ్ళు వీపు మీద ఎర్రగా అచ్చుపడ్డాయి. టైలరు గుడ్డ తడిపి పిండి వీపు తుడిచాడు, మెడ తుడిచాడు, చెవి వెనక ఎండిన రక్తం తుడిచాడు. అతని చేతులు దుప్పట్లని ఎలా పట్టుకుంటాయో మనిషిని కూడా అలాగే పట్టుకున్నాయి. గట్టిగానూ కాదు, మెత్తగానూ కాదు.

"ఎవరది?" అన్నాడు చీటీదొర. నోట్లో మాట నలిగి వచ్చింది.

"టైలర్ని. కింద కుట్టుగది."

కళ్ళు దుప్పటి దగ్గరికి పోయాయి. "చీటీ ఏదీ?"

"లేదు."

"చీటీ లేకుండా ఎలా తెచ్చావ్?"

"చేత్తో తెచ్చాను."

ఆయమ్మ ఫక్కున నవ్వి, నోటికి మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. దుప్పటి సగం పరిచి, మనిషిని ఇటు దొర్లించి, మిగతా సగం లాగారు. చీటీదొర వేళ్ళు నెమ్మదిగా పాకి నడిమి కుట్టుని పట్టుకున్నాయి.

"కుట్టు నడుమ వచ్చింది. ఒత్తుకుంటుంది."

"ఒత్తుకోదు. చదును చేశాను."

వేళ్ళు ఇంకోసారి తడిమాయి. "ఊఁ" అన్నాడు.

ఆయమ్మ బేసిన్ తీసుకుని వెళ్ళింది. టైలరు నిలబడ్డాడు. వచ్చిన పని అయిపోయింది, పోవచ్చు. పోలేదు.

"నాలుగేళ్ళ కిందట మా ఆవిడ ఆడవాళ్ళ వార్డులో ఉంది" అన్నాడు. "దుప్పటి అడిగితే నువ్వివ్వలేదు."

చీటీదొర మగతలో కళ్ళు మూసుకుని వెతికాడు. నిజంగానే వెతికాడు. "చీటీ లేదేమో."

"లేదు."

"మరి?"

ఆ మాటలో ఎగతాళి లేదు. తెలియక అడిగాడు. పక్క మంచం మీది ముసలాయన దగ్గి, ఇటు తిరిగి పడుకున్నాడు.

"ఆ రోజు కుట్టిన దుప్పట్లు నలభై నా గదిలో ఉన్నాయి" అన్నాడు టైలరు. ఈ మాట అతను పాస్టరుగారికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. "తాళంచెవి నా జేబులోనే ఉంది. పొద్దున్నించీ సాయంత్రం దాకా నా జేబులోనే ఉంది."

"తియ్యలేదా?"

"తియ్యలేదు."

చీటీదొర కళ్ళు తెరిచి అతన్ని తేరిపార చూశాడు. పళ్ళు లేని నోరు కాస్త సాగింది.

"మంచి పని చేశావ్" అన్నాడు.

టైలరు వంగి దుప్పటి కొస పరుపు కిందికి దోపాడు. మడత సరిగ్గా రాలేదు. తీసి మళ్ళీ దోపాడు. రెండో వైపు కూడా దోపాడు. తర్వాత మెట్లు దిగి వచ్చి మిషను ముందు కూర్చున్నాడు. అన్నం డబ్బా తెరవలేదు. గుండీలావిడ రెండుసార్లు చూసి, తన డబ్బా కూడా మూసి పక్కన పెట్టింది.

మూడింటికి స్టోరమ్మాయి కట్టలు లెక్క చూసుకోవడానికి వచ్చింది. కొత్త పిల్ల, చెవి మీద పెన్ను.

"ఒకటి తక్కువుంది బాబాయ్."

"పై వార్డుకి ఇచ్చాను. చీటీ లేకుండా."

"ఎవరు ఇమ్మన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే ఇచ్చాను."

ఆ పిల్లకి ఏం రాయాలో తోచలేదు. "మెమో వస్తుంది బాబాయ్."

"రానీ."

"మీరే ఇలా చేస్తే ఎలా? పాత సారు నాకు పని అప్పజెప్పేటప్పుడు మిమ్మల్నే చూపించాడు. ఆ మనిషిని చూసి నేర్చుకో, పెళ్ళాం చస్తున్నా గీత దాటలేదు అన్నాడు."

గుండీలావిడ లేచి నిలబడింది. "వెళ్ళమ్మా, వెళ్ళి నీ పని చూసుకో."

ఆ పిల్ల కట్టలు ఎత్తుకుని పోయింది. తను అన్నదానిలో తప్పేముందో ఆమెకి తెలియలేదు.

నాలుగున్నరకి ఆయమ్మ మళ్ళీ గుమ్మంలో కనబడింది. ఈసారి చేతులకి తొడుగులు లేవు.

"పోయాడు" అంది. "నిద్రలోనే. ఇటు బీపీ చూసి అటు తిరిగాను, అంతే. మేనల్లుడికి ఫోను చేశారు. రేపు వీలుచూసుకుని వస్తాడట. శవానికి తొడుగు మీరే కుట్టించండి అన్నాడు."

"పాపం" అంది గుండీలావిడ. వెంటనే నాలిక కరుచుకుంది. "చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా. బతికినన్నాళ్ళూ పురుగులా చూశాను, ఇప్పుడు పాపం అంటున్నాను."

బంధువులు బట్ట తేనివాళ్ళకి కుట్టుగదే తొడుగు కుట్టాలి. పాత దుప్పట్లు రెండు చాలు. కొలత తీసుకోవడానికి అతను పైకి వెళ్ళలేదు. ఆ మనిషి ఎంత పొడుగో కౌంటరు మీదుగా ముప్ఫై ఏళ్ళు చూశాడు. రెండు దుప్పట్లు తీసి కిటికీకి పట్టాడు. ఒకటి మరీ పలచన. పక్కన పడేసి ఇంకోటి తీశాడు.

అతుకు మొహం మీదికి రాకూడదు. ఇది ఆసుపత్రి పెట్టిన నియమం కాదు, అతని భార్య పెట్టింది. పెళ్ళయిన కొత్తలో అతను మర్చిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి ఈ గదికి వచ్చి, మిషను మీద ఉన్న తొడుగు చూసి, "ఈ కుట్టు ఆయన మొహం మీదికి వస్తుందేమో కదండీ" అంది. చచ్చినవాడికి తెలుస్తుందా అన్నాడు ఇతను. "కుట్టినవాడికి తెలుస్తుంది" అంది ఆమె. అప్పట్నించీ అతుకు భుజం పక్కకి దింపి కుడుతున్నాడు. బట్ట కొంచెం ఎక్కువ పడుతుంది.

భుజం పక్కకే దింపాడు. సగం కుట్టాక ఒకసారి ఆగాడు. లోపల ఏమైనా కదిలిందా అని, తలుపు దగ్గర చెవి పెట్టినట్టు ఆగి విన్నాడు. ఏమీ లేదు. గుండీలావిడ ముక్కు ఎగబీల్చిన చప్పుడు. బయట నీళ్ళ ట్యాంకు నిండి కారుతున్న చప్పుడు. మళ్ళీ పెడలు తొక్కాడు.

పైన ఆయమ్మా అతనూ కలిసి మనిషిని తొడుగులోకి జరిపారు. ఆఖరి వైపు చేత్తోనే కుట్టాలి. మంచం పక్క మోకాళ్ళ మీద కూర్చుని, కాళ్ళ దగ్గర మొదలుపెట్టి తల దాకా కుట్టాడు. చూసినవాళ్ళు ప్రార్థన చేస్తున్నాడనుకునేవాళ్ళు. అతను కుట్లు దగ్గరదగ్గరగా పడుతున్నాయా లేదా అని చూసుకుంటున్నాడు. ముడి వేసి, దారం పంటితో తెంపాడు. వార్డు బోయ్‌లు బండి తెచ్చి ఎత్తుకుపోయారు. మధ్యాహ్నం పరిచిన దుప్పటిని ఆయమ్మ చుట్టచుట్టి ఉతికే బుట్టలో వేసింది. నడిమి కుట్టు గట్టిగానే ఉంది. రెక్సిన్ తుడిస్తే తుడిచిన మేర మెరిసింది.

"అయ్యో" అంది ఆయమ్మ. మంచం పక్క బల్ల మీద చేతిరుమాలు కప్పి ఉంటే ఎత్తింది. "ఇవి మర్చిపోయాం బాబాయ్."

గాజు గ్లాసు. అందులో కట్టుడు పళ్ళు, పైవరసా కిందివరసా. నీళ్ళు రెండు రోజులవి, తెల్లగా కలగిపోయాయి.

"శవాల గదికి తాళం పడిపోయి ఉంటుంది. పొద్దున దాకా తియ్యరు. పైగా కుట్టేశావు కూడా. పారేస్తాను."

"రేపు మేనల్లుడొస్తాడుగా."

"మనిషినే వీలుచూసుకుని తీసుకెళ్తానన్నవాడు పళ్ళు తీసుకెళ్తాడా! నీదంతా చాదస్తం బాబాయ్."

అతను గ్లాసు తీసుకుని వార్డు చివర కుళాయి దగ్గరికి వెళ్ళాడు. పాత నీళ్ళు పారబోశాడు. పళ్ళు అరచేతిలో పట్టుకుని, చిగుళ్ళ రంగు భాగం మీద అంటుకున్నది బొటనవేలితో రుద్ది కడిగాడు. గ్లాసు లోపలా బయటా కడిగాడు. ఎంతసేపు చేశాడో అతనికి తెలియదు. ఆయమ్మ లైట్లు వేస్తూ రెండు మంచాలు దాటి వచ్చింది, అప్పటికీ కడుగుతూనే ఉన్నాడు.

మంచినీళ్ళు పోసి తెచ్చి బల్ల మీద పెట్టాడు. చేతులు చొక్కాకి తుడుచుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగిపోయాడు. కిటికీ పక్క బల్ల మీద, తేట నీళ్ళలో, పళ్ళు మెల్లిగా అడుక్కి దిగి, ఒకదానికొకటి సరిగ్గా ఆనకుండా కాస్త తెరుచుకుని ఆగాయి.